మూడు గంటల గులాబి

"నన్ను ఫేక్ అని రాసింది నువ్వేనా?"

నందకిశోర్ తలెత్తాడు. ఎదురుగా ఓ అమ్మాయి. మెడలో కొలతల టేపు, చేతిలో గొడుగు, కళ్ళలో నిప్పులు. గొడుగు నుంచి కారే నీళ్ళు అతని కీబోర్డు మీద పడుతున్నాయి.

"మీరెవరు?"

"కౌముది. గౌలిపురా. ఫోన్ల కుట్టుక్లాసు చెప్త. కుట్టు మిషన్ల కంపెనీవాళ్ళు పొద్దుగాల మెయిల్ పెట్టిన్రు. దాని కింద నీ రిపోర్టు గూడ వచ్చింది. నా ఫాలోవర్లల్ల అరవై రెండు శాతం ఫేక్ అంట! ఎవర్ని అడిగి రాసినవ్ సారూ?"

నయాపూల్ దగ్గర బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. ఉన్నది ముగ్గురే. ఏ కంపెనీ అయినా ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌తో ఒప్పందం చేసుకునే ముందు, ఆ మనిషి వెనకున్న జనం అసలో నకిలీయో తేల్చి చెప్పడం వాళ్ళ పని. తేల్చేది నందకిశోర్. "మా నందూ కళ్ళు స్కానర్ భాయ్" అంటాడు యజమాని రాహిల్.

ఆ స్కానర్‌కి ఇప్పుడు చెమటలు పడుతున్నాయి.

"చూడండి మేడమ్, మీ మీద నాకేం పగ లేదు. మీ ఫాలోవర్లు నలభై వేలు. సగానికి పైన ముఖాలే లేవు. గులాబీలు, దేవుళ్ళు, చంటిపిల్లలు. పోస్టులు సున్నా."

"మా గల్లీల ఆడోళ్ళు ఫోన్ల మొఖం పెడ్తరా? మా షౌకత్ బీ మనవడి ఫొటో పెట్టింది. ఆమె వయసు మూడేండ్లని రాస్తవా?"

పక్క టేబుల్ దగ్గర రాహిల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"మరి కామెంట్లు?" నందకిశోర్ వదల్లేదు. "రోజూ మూడింటికి మొదలు, అయిదు నిమిషాల్లో బంద్. అన్నీ ఒకటే గులాబి బొమ్మ. మనుషులు గిట్ల పెట్టరు. మెషిన్లు పెడ్తయి."

"అది హాజరు!" కౌముది గొంతు పెరిగింది. "గిన్నెలు తోముకోని, నాలుగింటికి నల్లా నీళ్ళు వచ్చేలోపు కూసుంటరు. శానామందికి టైపు చెయ్యరాదు. అందుకే, వచ్చినోళ్ళు ఒక గులాబి పెట్టుండ్రి అని చెప్త. ప్రతి వీడియోల నా మొదటి మాట అదే. సౌండు పెట్టి చూసినవా?"

నందకిశోర్ చూపు స్క్రీను మూలనున్న మ్యూట్ గుర్తు మీదికి పోయింది.

రోజుకు వంద వీడియోలు చూస్తాడతను. అన్నీ మ్యూట్‌లోనే. లెక్కలకు గొంతుతో పనేముంది?

"నా గొంతు ఇనకుండనే నేను ఫేక్ అని రాసినవ్" అందామె.

అతనికి రోషం వచ్చింది. తప్పు తనదేమో అని అనుమానం వచ్చినప్పుడు మగాడికి వచ్చేది అదే. గబగబా స్క్రీను తిప్పాడు. "సరే, ఈ ఒక్క అకౌంటు చూడండి. పేరు 'గులాబి అరవై ఏడు'. రెండేళ్ళ కింద తెరిచిన్రు. ముఖం లేదు, స్నేహితుల్లేరు. ఫాలో అయ్యేది మిమ్మల్ని ఒక్కరినే. ఒక్క రోజు కూడా తప్పకుండా మూడింటికి గులాబి. ఇది మనిషా?"

కౌముది కోపం ఒక్కసారిగా దిగిపోయింది. స్క్రీను వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"మొదట్ల ఆర్నెల్లు నన్ను చూసింది పదకొండు మంది. ఇగ బంద్ చేద్దామనుకున్న రోజు గూడ మూడింటికి ఈ గులాబి వచ్చింది. గీ ఒక్కామె కోసమే మల్ల కెమెరా పెట్టిన. ఎవరో తెల్వదు. కనిపిస్తే కాళ్ళు మొక్కుత."

"ఆవిడ లేదు మేడమ్."

అనేశాక నందకిశోర్ నాలుక కరుచుకున్నాడు.

ఆమె గొడుగు సర్దుకుంది. "నా ఇంట్ల కుట్టు నేర్చుకునే పద్నాలుగు మందికి రెండే మిషన్లు. కంపెనీ ఇస్తనన్నది పది. రేపు సాయంత్రం అయిదింటికి లిస్టు ఫైనల్ అంట. నువ్వు రాసిన ముక్కతోటి అవి పోయినట్టే."

వెళ్ళబోతూ అతని చొక్కా జేబు దగ్గర ఆగిపోయింది ఆమె చూపు. "ఈ షర్టు ఎవరు కుట్టిన్రు?"

"మా అమ్మ ఎవరో టైలరుకిచ్చింది. ఎందుకు?"

"మంచి టైలరే" అని మెట్లు దిగిపోయింది.

*

వాన జోరందుకుంది. కరెంటు పోయింది. కంప్యూటర్లు మూగబోయాక ఆఫీసులో చేసేదేం లేదు. నందకిశోర్ తడుస్తూ బండి మీద అలియాబాద్ చేరేసరికి మూడు కావడానికి రెండు నిమిషాలుంది.

తలుపు దగ్గరే ఆగిపోయాడు. లోపల ఏదో పాత వీడియోలోంచి గొంతు వినిపిస్తోంది. గంటన్నర క్రితం తనను దులిపేసిన గొంతు!

వంటగది పక్క గదిలో అమ్మ అహల్య. ముందు పాత కుట్టు మిషను. పప్పు డబ్బాకి ఆనించిన ఫోను.

"వచ్చినవా బిడ్డా? జర ఆగు, హాజరెయ్యాలె."

మూడు కాగానే ఫోనులో కౌముది లైవ్‌లోకి వచ్చింది. "నమస్తే అక్కలూ, సలాం ఆపా. వచ్చినోళ్ళు ఒక గులాబి పెట్టుండ్రి." ఆమె గొంతు కాస్త జీరపోయింది. "ఇయ్యాల ఒక సారు, నా గులాబి అక్క లేనే లేదన్నడు. అక్కా... ఉన్నవా?"

అహల్య బొటనవేలు చటుక్కున కదిలింది. స్క్రీను మీద ఎర్రటి గులాబి మెరిసింది. పక్కనే పేరు. గులాబి అరవై ఏడు.

"ఇన్నవా నందూ? నేను లేనంట! ఎవడు బిడ్డా ఆ తెలివితక్కువోడు?"

నందకిశోర్ గడపలోనే కూర్చుండిపోయాడు. "నేనేనమ్మా."

విషయం విని అహల్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ నాయన పోయినంక ఈ ఇంట్ల మాట బందయింది. నువ్వు పొద్దుగాల పోతవ్, చీకటైనంక వస్తవ్. ఇంట్ల ఒక గొంతు ఉండాలె కద. ఈ పిల్ల గొంతే నాకు తోడయింది."

"ఈ షర్టు?"

"నేనే కుట్టిన. మొదటి అయిదు చెడిపోయినయ్. టైలరు కుట్టిండంటేనే నువ్వు తొడుగుతవని గట్ల చెప్పిన."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. వాన నీళ్ళేమో అనుకుంది ఆమె.

"చెప్పులేస్కో అమ్మా."

*

గౌలిపురాలో మేడమీద గది. క్లాసు అప్పుడే ముగిసింది. గుమ్మంలో షౌకత్ బీ అడ్డంగా నిలబడింది. "మర్దోంకు క్లాస్ నై బేటా. మొగోళ్ళకు లేదు."

"నాకు కాదు ఆపా. మా అమ్మకి."

అహల్య ముందుకొచ్చి ఫోను చూపించింది. "నేనున్న బిడ్డా. గులాబి అక్కను."

కౌముది చేతిలో కత్తెర జారిపడింది. రెండంగల్లో వచ్చి వంగబోతుంటే అహల్య భుజాలు పట్టుకుని లేపింది. "నువ్వు మొక్కుడేంది? నేను మొక్కాలె నీకు." ఇద్దరిలో ఎవరు ఎవరిని పట్టుకుని ఏడుస్తున్నారో తెలియలేదు. షౌకత్ బీ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తర్వాత పద్నాలుగు మంది నందకిశోర్‌ని చుట్టుముట్టారు. "నా మొఖం చూడు, ఇది నా గులాబి, రాస్కో!" "నాది మా కోడలి పేరు మీదున్నది, రాస్కో!" మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ రాసుకున్నాడు. కౌముది పాత వీడియోలు పెట్టుకుని చూశాడు. ఈసారి సౌండుతో. చివరికి రాహిల్‌కి ఫోన్ చేశాడు.

"భాయ్, తప్పు నాది. ఆ రిపోర్టు వాపస్ తీసుకోవాలె."

"కంపెనీ మనల్ని మల్ల నమ్ముతదా నందూ?"

"నమ్మకపోతే నా పేరు చెప్పు. నన్ను తీసెయ్. ఇంకోటి, లిస్టుల రెండో ఆవిడను మల్ల చూసిన. ఒక్క రాత్రిల అరవై వేల మంది పెరిగిన్రు. కాజాల కుట్టు చూపిస్తే కింద కామెంట్లు 'సూర్యాస్తమయం అద్భుతం' అని."

అటువైపు నుంచి రాహిల్ అడిగాడు. "ఈసారి సౌండు పెట్టి చూసినవా?"

"ఎదురుగ కూసోని చూస్తున్న."

"అయితే పంపు."

వెళ్ళేటప్పుడు కౌముది మెట్ల దాకా వచ్చింది. అతని జేబు మూల వేలితో చూపించింది. అక్కడ చిన్న అర్ధచంద్రం కుట్టు. "జేబు చిరగకుండ నేను నేర్పేది ఇది. గుండె మీద నా కుట్టు పెట్టుకోని నన్నే ఫేక్ అన్నవ్!"

"సారీ కాదు, థాంక్స్ చెప్దామనుకున్న" అన్నాడు నందకిశోర్. "రెండేళ్ళు మా ఇంట్ల ఉన్నందుకు. నేను లేనప్పుడు."

ఆమె చేతిలోని గొడుగు అతని చేతిలో పెట్టింది. "అమ్మ తడుస్తది. రేపు తెచ్చియ్."

అతను తెచ్చిచ్చాడు. ఆ రోజు అయిదూ పదికి లిస్టు వచ్చింది. మొదటి పేరు కౌముదిదే. ఆ తర్వాత గొడుగు లేకుండా కూడా చాలాసార్లు వెళ్ళాడు, అమ్మను దింపడానికని.

పన్నెండో రోజు పది మిషన్లు మేడెక్కాయి. ఆ మర్నాడు నయాపూల్‌లో మళ్ళీ వాన. మూడింటికి నందకిశోర్ ఫోను ముందు కూర్చున్నాడు. అతని అకౌంటుకూ ముఖం లేదు. జనాన్ని తనిఖీ చేయడానికి తెరిచింది. బొటనవేలితో ఒక గులాబి పెట్టాడు.

స్క్రీను మీద కౌముది కళ్ళు చిట్లించింది. "ఎవరో కొత్తాయన వచ్చిండు. మొఖం లేదు. పోస్టులు సున్నా. అందర్నీ వదిలేసి నన్నొక్కదాన్నే ఫాలో అవుతుండు. నాకైతే ఫేక్ అనిపిస్తుంది అక్కలూ."

గదిలో నవ్వులు. కొత్త మిషను వెనక నుంచి అహల్య గొంతు వినిపించింది.

"ఫేక్ కాదు బిడ్డా. నాది గ్యారంటీ."

కౌముది తల వంచుకుంది. టేపు చివర వేలికి చుట్టుకుంటూ, "గులాబి అక్క చెప్పినంక ఇంకేముంది? హాజరు రాసుకుంట. కాని రోజూ రావాలె, ఒక్క రోజు తప్పొద్దు" అంది.

ఆఫీసంతా ఆ గొంతు మోగింది.

"నందూ, సౌండు జర తగ్గించు భాయ్" అన్నాడు రాహిల్.

"తగ్గియ్యను" అన్నాడు నందకిశోర్.