పదిన్నరకి ఒక చెంచా

"మూడు టేబుళ్ళవాళ్ళు మిమోసా చేదుగా ఉందని వెనక్కి పంపారు. రసం పిండింది మీరే కదా?"

హోటల్ బార్‌టెండర్ ఆమెతో అన్న మొదటి మాట అది. ఆదివారం, బ్రంచ్ మొదలై పది నిమిషాలైంది. మిమోసా అంటే పొంగే వైన్‌లో నారింజరసం. ఆమె వంటింట్లో జూస్ కౌంటర్ చూస్తుంది. చేరి నాలుగు రోజులు.

"నేనే. ఏడింటికల్లా రసం కావాలని చీటీ పంపిందెవరండీ?"

"నేనే."

"ఈ రకం నారింజ పిండి రెండు గంటలు దాటితే చేదెక్కుతుంది. పదకొండుకి పోసే రసం పదిన్నరకి పిండాలి. అయినా గ్లాసులో పోసేముందు మీరు రుచి చూడరా?"

అతను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. ఆమె అది చూసింది.

పావుగంటలో కొత్త రసం తెచ్చింది. దాంతోపాటు ఒక చిన్న స్టీలు గ్లాసు అతని ముందు పెట్టింది. "ఇది చూసి చెప్పండి."

అతను తాగాడు. "బాగుంది. తియ్యగా ఉంది."

"అది వట్టి నిమ్మరసం, బార్ సారూ."

రెండు నెలల కిందట అతనికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన, రుచి పోయాయి. తిరిగి వస్తాయన్న డాక్టరు ఎప్పుడో చెప్పలేదు. ఇదంతా అతను గ్లాసులకే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"మేనేజర్‌కి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. చెప్తారా?"

"చెప్తే నాకేం ఒరుగుతుంది? ప్రతి ఆదివారం పదిన్నరకి వచ్చి ఒక చెంచా నేను రుచి చూస్తాను. మీరు చీటీలో టైం మాత్రం సరిగ్గా రాయండి."

ఆమె మాట తప్పలేదు. అతను గ్లాసు వంచి ముందు వైన్ పోసేవాడు. నురగ దిగాక, కలపకుండా, రసం పోసేవాడు. ఆమె చెంచాతో చూసి "ఊఁ" అంటే ట్రే బయటికి వెళ్ళేది. ప్రతిసారీ అతను థాంక్స్ చెప్పేవాడు.

"ఎన్నిసార్లండీ? ఆ మాట అరిగిపోతుంది," అనేది.

వంటింటి షెఫ్ ఆమెకు మేనమామ. "చెంచా పట్టుకుని ఆ పరుగేమిటే? జారిపడతావు," అనేవాడు.

పన్నెండో ఆదివారం ఆమె చెంచాతో పాటు చిన్న గ్లాసు కూడా తెచ్చింది. అంతకుముందు వారం ఆమె చెంచా నోట్లో పెట్టుకోకముందే అతను "ఈసారి పళ్ళు పులుపు" అన్నాడు. ఆ మాట ఆమెను వారమంతా వదల్లేదు.

"చూసి చెప్పండి."

అతను గ్లాసు ఖాళీ చేశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "బాగుంది. తియ్యగా ఉంది."

"ముందు కళ్ళు తుడుచుకోండి. ఎన్నాళ్ళయింది రుచి వచ్చి?"

"ఐదు వారాలు."

"ఐదు ఆదివారాలు నన్ను వెర్రిదాన్ని చేశారా?"

"లేదండీ. రుచి వచ్చాక మొదట తెలిసింది మీరు పిండిన రసమే. ఇవాళ నేనీ కౌంటర్లో ఉన్నానంటే మీ వల్లే. ఆ సంగతి చెప్పి, రుచి వచ్చిందని కూడా చెబుదామనుకున్నాను. చెప్తే మీరు పదిన్నరకి ఇంక రారు కదా. నోరు రాలేదు."

ఆమె వంటింటి కిటికీ వైపు తిరిగింది. "మామయ్యా, ఈయన నాతో ఐదు వారాలుగా అబద్ధం ఆడుతున్నాడు. ఏం చెయ్యమంటావ్?"

"గ్లాసెడు నిమ్మరసం గుక్కలో తాగినవాడికి ఇంకేం శిక్ష వేస్తావే? రేపు ఇంటికి భోజనానికి రమ్మను. మీ అమ్మ కూడా చూస్తుంది."

ఆమె నవ్వలేదు. చెంచా అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వంటింటి గుమ్మంలో ఆగి, "ఒంటిగంటకి. ఆలస్యం చెయ్యకండి," అంది.

తర్వాతి ఆదివారం జూస్ కౌంటర్‌కి చీటీ వచ్చింది. నారింజ రసం, పదిన్నరకి. చెంచాలు రెండు.