ఒడ్డు దాటని పడవ

ఫిలిపో నోరు తెరిచాడంటే సముద్రం కూడా ఆగి వినాల్సిందే. సవాయీ దీవిలో, రాతి కన్నాల్లోంచి అలలు కొబ్బరిచెట్టంత ఎత్తుకు చిమ్మేచోట, టూరిస్టులను తిప్పడం అతని ఉద్యోగం. కన్నంలో వేసిన కొబ్బరికాయ గాల్లోకి ఎగరగానే చొక్కా ఎత్తి నడుం మీది పడవ పచ్చబొట్టు చూపిస్తాడు.

"మా తాతలు ఇలాంటి పడవల్లో, చుక్కలు చూసుకుంటూ మహాసముద్రం దాటారు. భయమంటే ఏంటో మా రక్తానికే తెలీదు!"

ఆ రక్తం రెండేళ్ళ కిందట, రోజుల తరబడి పొడిచే ఆ పచ్చబొట్టు మూడోరోజున, "ఒక్క నిమిషం, బయటికెళ్ళొస్తా" అంటూ చాప మీంచి లేచి పారిపోయిన సంగతి మాత్రం చెప్పడు. మోకాళ్ళ దాకా ఉండాల్సిన పచ్చబొట్టు నడుం దగ్గరే ఆగిపోయింది. సగంలో లేచినవాడికి ఊళ్ళో పరువుండదు. అందుకే ఎంత ఎండైనా లుంగీ చీలమండల దాకా దించే కడతాడు.

ఆవేళ గాలి ఒక్క విసురు విసిరింది. లుంగీ పైకి లేచింది. కింద నున్నటి తొడలు!

పక్కన కోకో అమ్ముతున్న లూపే పగలబడి నవ్వింది. ఆమె కోసమే ఏడాదిగా రోజుకు నాలుగు కప్పుల కోకో తాగుతున్నాడు పాపం. పైగా ఆ పచ్చబొట్టు పొడిచిన పెద్దాయన ఆమెకు సొంత తాత.

టూరిస్టులు వెళ్ళాక అంది, "పడవ బావుంది గానీ ఫిలిపో, ఒడ్డు దాటినట్టు లేదే?"

ఫిలిపోకి అబద్ధాలాడే ఓపిక పోయింది.

"పారిపోయాను లూపే. ఏడ్చి మరీ పారిపోయాను. నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఏ మొహం పెట్టుకుని మీ తాతని అడగను?"

"హమ్మయ్య, ఇప్పటికి చెప్పావు! నీ సంగతి ఊళ్ళో కోళ్ళక్కూడా తెలుసు. నీ నోటితో ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా. ఆరోజు నొప్పి మరిపించడానికి నీ తల దగ్గర కూర్చుని పాడేవాళ్ళెవరూ లేరటగా?"

"అమ్మ పోయాక నాకెవరున్నారు?"

"ఈసారి నేను కూర్చుంటా."

"అక్కడ ఇంటివాళ్ళే కదా కూర్చోవాలి?"

"అందుకే కూర్చుంటానంటున్నా, మొద్దూ!"

మరుసటి వారమే ఫిలిపో వెళ్ళి అదే చాప మీద పడుకున్నాడు. తాత సూది అందుకున్నాడు. లూపే పాట ఎత్తుకుంది.

అయ్యబాబోయ్! శ్రుతి ఒక దీవిలో, గొంతు ఇంకో దీవిలో. వాకిట్లో కుక్క లేచి వెళ్ళిపోయింది. చర్మం సాగదీసి పట్టుకున్న తాత శిష్యులకు చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఫిలిపోకి కళ్ళ వెంట ధారలు కారాయి. అయినా పన్నెండు రోజులూ కదల్లేదు.

మోకాళ్ళ దాకా పూర్తయ్యాక, ఆచారం ప్రకారం బొడ్డు మీద చివరి గుర్తు వేసి తాత సూది కింద పెట్టాడు. మనవరాలి చెయ్యి తీసుకుని ఫిలిపో చేతిలో పెట్టాడు.

"నా సూదికి పారిపోయాడు గానీ, నీ పాటకి పారిపోలేదే తల్లీ! వీడు నీతో కాపురం చేస్తాడు. నాకా నమ్మకం కుదిరింది."