ఒక్క యవత్తు తేడా

ఆకాశంలో చెత్త ఊడ్చడం రూఫస్ ఉద్యోగం. సొంత గదిలో చీపురు పట్టి మాత్రం మూడు నెలలు దాటింది.

నెల్లూరులో ఒక టైల్స్ షాపు మీద రెండు గదుల స్టార్టప్ వాళ్ళది. చచ్చిన ఉపగ్రహాలనూ, పనైపోయిన రాకెట్ ముక్కలనూ పట్టి కిందికి దించే చిన్న వ్యోమనౌకను తయారు చేస్తున్నారు. ఆ నౌక ఏ కక్ష్యలో పోవాలో లెక్క కట్టేది రూఫస్. చెత్తను పట్టే వల అల్లేది ఫేబీ. పరిచయమైన రోజే ఇద్దరికీ చెడింది.

"మీ వల నాలుగు కిలోలు ఎక్కువుంది," అన్నాడు రూఫస్, పేరైనా అడక్కుండా.

"మీకు మర్యాద అంతకంటే ఎక్కువ తక్కువుంది," అంది ఫేబీ.

అసలు తగువు బరువు దగ్గర కాదు. రూఫస్ ప్లాన్‌లో నౌక ఒక ముక్కను పట్టి, కొంత కిందికి లాగి, అక్కడ వదిలేసి, ఇంకో ముక్క కోసం మళ్ళీ పైకి పోతుంది. అలా మొత్తం ఐదు. వదిలిన ముక్క మెల్లగా దిగి గాలిలో కాలిపోవాలి. ఫేబీ మాత్రం ససేమిరా అంది.

"పట్టినాక వదలకూడదు. రెండూ కలిసే దిగాలి, కలిసే కాలాలి. మధ్యలో వదిలేస్తే అది పొయ్యి ఎవరికి తగుల్తుందో ఏంది గ్యారంటీ?"

"ఒక్కదానికే అంకితమైపోవాలా? ఇదేమన్నా పెళ్ళా?"

ఆఫీసులో తేలని తగువు ఫోన్లోకి ఎక్కింది. "మీ కక్ష్య మార్చుకుంటేగానీ నాకు మనశ్శాంతి లేదు రూఫస్ గారూ! ఒకదాన్ని పట్టి, వదిలేసి, ఇంకోదాని వెంట పోతారు. అట్లా ఐదా? అదేం బుద్ధి?" అని బుచ్చిరెడ్డిపాలెంలో ఇంటి వరండాలో నిలబడి ఫేబీ రోజూ అరిచేది. లోపల బియ్యం ఏరుకుంటూ వాళ్ళమ్మ రెబెక్కమ్మ అన్నీ వింటోందని ఇద్దరికీ తోచలేదు.

గురువారం మైపాడు బీచ్‌లో వల పరీక్ష పెట్టారు. పాత డ్రమ్ము మీదికి వల విసరాలి. పక్కకు జరగమని ఫేబీ మూడుసార్లు చెప్పింది. లెక్కలు తెలిసినవాడు కాబట్టి రూఫస్ జరగలేదు. డ్రమ్ము తప్పించుకుంది, రూఫస్ చిక్కాడు. అదే అదనుగా వాన కూడా దిగింది.

ఫేబీ నవ్వుతూనే ముడులు విప్పసాగింది. ఆమె ముక్కు చివర ఒక చినుకు ఎంతకీ రాలదు. రూఫస్ చూపు దాన్ని దాటి పోలేదు.

"విప్పకండి," అన్నాడు.

"ఏం?"

"మీరంటే నాకిష్టం ఫేబీ గారూ."

ఆమె చేతులు ఆగాయి. "నాలుగు కిలోలు ఎక్కువున్నా?"

"ఉన్నా."

"అయితే ఆదివారం మా చర్చికి రండి. నాన్న పోయినాక నాకు అన్నీ మా అమ్మే. అమ్మ సరేనంటే నాదీ సరే. వద్దంటే మాత్రం నన్ను బతిమాలొద్దు."

ఆదివారం రూఫస్ ఇస్త్రీ చొక్కా, అరకిలో మలై కాజాలతో వెనక బెంచీలో కూర్చున్నాడు. పాస్టర్ జకరయ్యగారు ప్రార్థన చీటీలు చదువుతున్నారు. ఒకరి మోకాలి నొప్పి అయింది, ఒకరి బోరులో నీళ్ళు అయ్యాయి.

"మన రెబెక్కమ్మగారి విన్నపం. 'ప్రభువా, రూఫస్ అనేవాడి కక్ష నుంచి నా బిడ్డ ఫేబీని తప్పించు. వాడు ఒకదాన్ని పట్టి, వదిలేసి, ఇంకోదాని వెంట పోయే రకం. ఇప్పటికి ఐదుగురంట.'"

పాస్టర్‌గారు కళ్ళజోడు తీశారు. మోకాలి నొప్పికి రానంత గట్టిగా "ఆమేన్" వచ్చింది. కాజాల పెట్టె రూఫస్ ఒళ్ళోంచి బెంచీ కిందికి జారిపోయింది. ముందు వరసలో ఫేబీ కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలిస్తోంది. ఏడుస్తోందనుకుని అతని గుండె కరిగింది. పిచ్చివాడు.

"కొత్తగా వచ్చినవాళ్ళు లేచి పేరు చెప్పండి," అన్నారు పాస్టర్‌గారు.

కొత్తవాడు అతనొక్కడే. అబద్ధమాడదామంటే ముగ్గురు ఏసు శిష్యుల పేర్లు నాలుక చివరే ఉన్నాయి. కానీ దొంగ పేరుతో ఫేబీని ఎలా అడుగుతాడు?

"రూఫస్ అండీ. మాది కావలి."

తలలన్నీ తిరిగాయి. రెబెక్కమ్మ లేచింది.

"ఎంత ధైర్యం అబ్బయ్యా! చర్చికే వచ్చినావా? నా బిడ్డ మీద నీకేంది కక్ష?"

"కక్ష కాదండీ, కక్ష్య!"

"నేను అనేదీ అదే గదా!"

ఫేబీ నవ్వాపుకోలేక లేచింది. "అమ్మా, కక్ష్య అంటే ఆకాశంలో ఉపగ్రహం తిరిగే దారి. ఫోన్లో ఆ దారి గురించే నేను అరిచింది."

"మరి ఆ ఐదుగురు ఎవరు?"

"ఐదుగురు కాదండీ, ఐదు. రాకెట్ ముక్కలు," అన్నాడు రూఫస్.

పాస్టర్‌గారు చీటీని దగ్గరగా పెట్టుకుని చూశారు. "తల్లీ, ఒక్క యవత్తు పోయింది."

చర్చి చర్చంతా నవ్వింది. రెబెక్కమ్మ నవ్వలేదు.

"ముక్కలైతే మాత్రం? పట్టినదాన్ని వదిలేసే బుద్ధి నీకుందా లేదా? ముందు అది చెప్పు."

తెల్లారితే డిజైన్ రివ్యూ, ఎవరి ప్లాన్ నిలుస్తుందో తేలేది అక్కడే. ఆరు నెలలు కూర్చుని కట్టిన లెక్కలు రూఫస్ కళ్ళముందు తిరిగాయి. ఫేబీ వైపు చూశాడు. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. ఆ జవాబు వాళ్ళమ్మకంటే తనకే ఎక్కువ కావాలన్నట్టు చూస్తోంది.

"లేదమ్మా. పట్టుకుంటే వదలను. కలిసే దిగుతా, కలిసే కాలిపోతా."

"కాలడం దేనికి నాయనా, కలిసుండు చాలు," అంది రెబెక్కమ్మ.

"అందరూ విన్నారు గదా!" అంది ఫేబీ. "రేపు రివ్యూలో రూఫస్ సార్ ఇదే మాట చెప్పాలి. ఆ నాలుగు కిలోలు ఇంక నా వలవే."

దేవుడి ఎదుట, ఇంతమంది సాక్షిగా వాదం ఓడిపోయానని రూఫస్‌కు అప్పుడు తెలిసింది. ఓడిపోతే ఇంత సంతోషంగా ఉంటుందని తెలిస్తే మొదటి రోజే ఓడేవాడు.

రెబెక్కమ్మ పాస్టర్‌గారి దగ్గరికి నడిచి, పెన్ను అడిగి తీసుకుంది. చీటీలో యవత్తు పెట్టింది. కాసేపు ఆలోచించి, ఇంకేదో కొట్టేసి, పైన రాసి తిరిగిచ్చింది. పాస్టర్‌గారు గొంతు సవరించుకుని మళ్ళీ చదివారు.

"'ప్రభువా, రూఫస్ కక్ష్య నుంచి నా బిడ్డ తప్పిపోకుండా చూడు.'"

ఈసారి ఆమేన్ అందరికంటే ముందు వెనక బెంచీ నుంచి వచ్చింది.