మోకాలమ్మకు ఎక్కిన రక్తం

"నేనే చంపానా? అదొక్కటీ తేల్చండి చాలు," అంది నర్సు, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

మాటకు ముందు ఒకసారీ తర్వాత ఒకసారీ ‘ఎందుకు?’ అంటూ ఎదుటివాళ్ల ప్రాణం తోడేసే ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ను తెలిసినవాళ్లంతా ఎందుకుగారనే పిలిచేవారు. నర్సు మొహం చూసి ఆయన శిష్యురాలు కుర్చీని ఇంకాస్త ముందుకు జరిపింది. పాపం, కంటి మీద కునుకు పడి నాలుగు రోజులైనట్టుంది.

నర్సు చెప్పింది. తుంటి కీలు మార్పించుకున్న పెద్దావిడ మర్నాడు రక్తం ఎక్కుతుండగానే పోయింది. గుండె ఆగిందని రాసి ఆస్పత్రివాళ్లు చేతులు దులుపుకున్నారు.

"ఖాళీ మంచం మీద ఆవిడే కూర్చుని కనిపిస్తోంది సార్. ఏమీ అనదు. నా చేతుల వంకే చూస్తుంది. సంచీ తగిలించింది ఈ చేతులే కదా!"

"గ్రూపు చూశారా?"

"చూశాను. కాగితం మీద బి, సంచీ మీద బి. చేతి పట్టీ మీద పేరూ సరిపోయింది."

"మరి అనుమానం ఎందుకు?"

"పోయే ముందు మూత్రం ఎర్రగా వచ్చింది. గుండె ఆగితే అలా రాదు సార్, పడని రక్తం ఎక్కితే వస్తుంది."

ఆస్పత్రి పాత ఫైళ్లలో శిష్యురాలికి ఒక కాగితం దొరికింది. రెండేళ్ల కిందట పెద్దావిడ అక్కడే మోకాలు మార్పించుకుంది. అందులో గ్రూపు ఓ అని ఉంది.

"మనిషి రక్తం మారుతుందాండీ?"

"కీలు మార్చొచ్చు గానీ రక్తం మారదమ్మా. పద, పక్క మంచం ఆవిడను పలకరిద్దాం."

పక్క మంచం ఆవిడ మోకాలు మార్పించుకుని ఇంకా అక్కడే ఉంది. పోయిన స్నేహితురాలి మాట ఎత్తగానే కళ్లొత్తుకుంది. "ల్యాబు ఆయన వస్తూనే ‘ఏం మోకాలమ్మా, మళ్లీ వచ్చారా?’ అని ఆవిడనే పలకరించాడు. సూది మాత్రం నాకు పొడిచాడు! ఒక్క పోటుకే రెండు గొట్టాలు నింపాడు. నాకు చుక్క రక్తం ఎక్కించింది లేదు. ఎందుకు తీశాడో ఏమో!"

"మోకాలమ్మ అన్నాడని రక్తం మారిపోతుందా? మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్టుంది," అంది శిష్యురాలు బయటికొచ్చాక.

"ఆ ముడే ప్రాణం తీసింది," అన్నాడాయన.

సాయంత్రం సర్జన్‌నూ, ల్యాబు టెక్నీషియన్‌నూ, నర్సునూ ఆ గదిలోకే పిలిపించాడు. ఎవరూ ఖాళీ మంచం దగ్గరికి రాలేదు.

"ఈ వార్డులో మనుషులకు పేర్లుండవు, కీళ్లే ఉంటాయి. తుంటావిడ రక్తం తీసుకురమ్మని టెక్నీషియన్‌గారికి కబురొచ్చింది. గదిలో ఇద్దరున్నారు. ఒకావిడ ఈయనకు పాత మోకాలమ్మ. అంటే రెండో ఆవిడే తుంటావిడ అనుకున్నాడు. పేరడగలేదు, పట్టీ చూడలేదు. ముందే పేరు రాసి తెచ్చిన గొట్టాలు నింపాడు. గ్రూపు పొరపాటు పడకుండా సరిచూసుకోవడానికి రెండో గొట్టం వేరే పూట తీయాలి. అదీ అప్పుడే తీసి, సాయంత్రం తీసినట్టు రాశాడు. రెండూ ఒకదాన్నొకటి సమర్థించాయి. నర్సమ్మ చేతికి వచ్చేసరికే తప్పు కాగితమెక్కి కూర్చుంది."

టెక్నీషియన్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "తెలిసే చేశానా సార్?"

"చేసింది తెలియకే. పాత ఫైలు చూశాక మీకు తెలిసింది, అయినా దాచారు. చనిపోయిన మర్నాడు ఆ ఫైలు తీసుకున్నట్టు సంతకం మీదే." ఆయన సర్జన్ వైపు తిరిగాడు. "ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ పది, అంటే చాలినంతే. ఆవిడకు ఆయాసమూ కళ్లు తిరగడమూ లేవు. మరి రక్తం ఎందుకు?"

సర్జన్ ఖాళీ మంచం వైపు చూడకుండా అన్నాడు. "తుంటి చేస్తే ఒక సంచీ రాయడం... నాకు మొదటినుంచీ అలవాటు."



"విన్నావామ్మా? నువ్వు చంపలేదు," అంది శిష్యురాలు, నర్సు భుజం పట్టుకుని.

నర్సు తల అడ్డంగా ఊపింది. "రక్తం మొదలెట్టిన పది నిమిషాలకే చలేస్తోందమ్మా అందావిడ. వణికింది. అలా వణికితే వెంటనే రక్తం ఆపాలి. నేర్చుకున్నదే. నేను దుప్పటి కప్పి పక్క గదికి వెళ్లాను. అప్పుడే ఆపి ఉంటే?"

శిష్యురాలు బతిమాలుతున్నట్టు గురువుగారి వంక చూసింది.

"బతికేదేమో," అన్నాడాయన.

నర్సు భోరుమంది. ఏడుస్తూనే ఆయనకు చేతులు జోడించింది. "అందరూ నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదనే అన్నారు సార్. అందుకే ఆవిడ నన్ను వదల్లేదు."