వెనక మెట్ల దగ్గర మరిచిపొమ్మనే గొంతు

మా యూనివర్సిటీలో — మాది అని ఎందుకంటున్నానంటే, నేను నడిపిన లిఫ్టే లేకపోతే అది రెండో అంతస్తు దాటి ఎదిగేది కాదు — లైబ్రరీ వెనక మెట్లంటే పట్టపగలు కూడా జనం చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

చీకటి పడ్డాక అక్కడ ఒక మగ గొంతు వినిపిస్తుంది. మనిషి కనిపించడు. ఒకటే మాట.

"మరిచిపో..."

కాసేపాగి మళ్ళీ — "మరిచిపో..."

ఎప్పుడో ఒక కుర్రాడు ఆ మెట్ల మీద ఒక అమ్మాయితో, నన్ను మరిచిపో అన్నాడట. అనేసి వాడు వేరే పెళ్ళి చేసుకుని పిల్లాపాపలతో దుక్కలా ఉన్నాడట. ఆ పిల్ల మాత్రం ఆ మెట్ల మీంచి మళ్ళీ లేవలేదట. వాడి మాట గోడకి పట్టేసిందట. ఇది సాహిత్యం వాళ్ళు చెప్పే కథ. కెమిస్ట్రీ వాళ్ళ కథలో ఆ పిల్ల ఏదో తాగింది. ఏం తాగిందో, ఎంత గాఢతలో తాగిందో కూడా చెప్పగలరు. కామర్సు వాళ్ళు మాత్రం ప్రేమా లేదు దోమా లేదు, ఫీజు కట్టలేక ప్రాణం తీసుకుంది అని తేల్చేశారు.

ఒక ఫిజిక్స్ ప్రొఫెసరుగారు ఆ గొంతు విని పరిగెత్తిన పరుగుకి ఆయన చెప్పులు మర్నాటికి గానీ ఇంటికి చేరలేదు. పాపం, ధ్వని మీదే ఆయన డాక్టరేటు.

నా సంగతి వేరు. నేను పుట్టినప్పుడు ఏడవకుండా గుడ్లురిమి చూశానట. మంత్రసానే ఏడ్చిందని మా అమ్మ చెప్పేది. లిఫ్టు నడిపే రోజుల్లో ఒకసారి తాడు తెగింది. ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో వైస్ ఛాన్సలరుగారి కాఫీ కప్పూ పట్టుకుని, అయిదో అంతస్తు నుంచి కిందికి దింపాను. ఆయనా తొణకలేదు, కాఫీ తొణకలేదు. ఆ లిఫ్టు మూడంతస్తులదే కదా అని ఎవరైనా అంటే వాళ్ళకి లిఫ్టుల గురించి ఏం తెలుసు?

అందుకే ఆ రాత్రి మా వియ్యంకుడు వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చాడు.

మా అమ్మాయికి మావగారు ఆయన. తూనికలు కొలతల ఆఫీసులో రిటైరయ్యాడు. చిన్నప్పుడు తండ్రి పోతే డిగ్రీ సగంలో వదిలేసి, తక్కెడలూ రాళ్ళూ పరీక్షించే ఉద్యోగంలో చేరాడు. రిటైరయ్యాక, అందరూ మోకాళ్ళకి నూనె రాసుకునే వయసులో, చరిత్ర డిగ్రీలో చేరాడు. పట్టా కోసం గోడకి మేకు కూడా ముందే కొట్టించాడు. అందరూ ఆ మేకుని చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాననుకోండి.

ఆ రాత్రి పన్నెండు లోపు ఆఖరి వ్యాసం పంపాలి. పంపకపోతే పేరు కొట్టేస్తారు. ఒకసారి తప్పాడు కాబట్టి ఇంకో అవకాశం లేదు. ఇంట్లో ఇంటర్నెట్టుంది గానీ, వ్యాసం అందుకునే పేజీ యూనివర్సిటీ వైఫైలో తప్ప తెరుచుకోదట. మరి పొద్దున్నే పంపొచ్చుగా అంటారు. సాయంత్రం దాకా కామాలు దిద్దుతూ కూర్చున్నాడు. తూనికల మనిషి కదా.

"బావగారూ, లైబ్రరీ మూసేశారు. ఇక వైఫై అందేది ఆ వెనక మెట్ల దగ్గరే. ఒక్కణ్ణీ పోలేను."

"దెయ్యానికి భయమా?"

"భయం కాదు. తోడు."

"పదండి. నన్ను చూస్తే అదే లేచి కుర్చీ వేస్తుంది."

వెళ్ళాం.

పైన సీలింగుకి వైఫై డబ్బా — నీలం దీపం కన్ను కొడుతూ. గోడకి పైఎత్తున గాలి పోవడానికో చిన్న జల్లెడ కిటికీ. మెట్ల మీద మేమిద్దరం తప్ప పురుగు లేదు. ఆయన మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో కొత్త ల్యాప్‌టాప్ తెరిచాడు. మా అమ్మాయి అందులో అక్షరాలన్నీ తెలుగులోకి మార్చి ఇచ్చింది.

యూనివర్సిటీ వైఫై పేరు కనిపించింది. నొక్కాడు. చక్రం తిరిగింది... తిరిగింది... 'కలవడం కుదరలేదు' అంది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

"మధ్యాహ్నం పాస్‌వర్డ్ మార్చమంటే మార్చాను. అప్పట్నుంచీ ఇంతే," అన్నాడు.

"ఎత్తుగా పట్టుకోండి, అందుతుంది." నేను దాన్ని తీసుకుని నెత్తిన పెట్టుకున్నాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. మంచి మాటలతో చెప్పాను, చెడ్డ మాటలతో చెప్పాను. ఊహూఁ.

అప్పుడు...

"మరిచిపో..."

మా వియ్యంకుడు కొయ్యబారిపోయాడు.

"విన్నారా బావగారూ?" గుసగుసగా అడిగాడు.

"గాలి."

"గాలికి మాటలొస్తాయా?"

"చదువుకున్న గాలి. యూనివర్సిటీ కదా."

"మరిచిపో..." ఈసారి ఇంకాస్త దగ్గరగా, గోడలోంచి.

నేను సింహంలా నిలబడి ఉన్నాను. కాకపోతే ఆ సింహం కూర్చుంటే బాగుంటుందనిపించి ఆయన పక్కనే, బాగా పక్కనే కూర్చున్నాను.

ఆయన ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు.

"నన్నే అంటున్నాడు బావగారూ. ఈ డిగ్రీ సంగతి మరిచిపొమ్మంటున్నాడు."

"మీకేం, ఎవర్నో అంటుంటే..."

ఆయన నా మాట వినలేదు. చీకట్లోకి చూస్తూ, పై అధికారికి చెప్పుకున్నట్టు మెల్లగా చెప్పాడు:

"మరిచిపోదామనే చూశానండీ. ఉద్యోగం చేసినంతకాలం అదే పని. కాలేజీ ముందునుంచి పోవాల్సొస్తే వేరే వీధిలోంచి పోయేవాణ్ణి. కాలేదు. ఇవాళొక్క రాత్రీ వదిలెయ్యండి. వ్యాసం పూర్తయింది. పంపడమే మిగిలింది."

నీలం దీపం కన్ను కొడుతోంది. నా గుండె చప్పుడు ఆయనకి వినిపిస్తుందేమోనని దగ్గాను.

అప్పుడు గోడలోంచి ఆ గొంతు, ఈసారి గట్టిగా, మాట మాట విడమరిచి —

"అలా కాదు. వైఫై పేరు మీద రైట్ క్లిక్ కొట్టి మరిచిపో."

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"పాత పాస్‌వర్డ్ అందులో ఉండిపోయింది," అంది గోడ. "రైట్ క్లిక్ కొడితే 'మరిచిపో' అని వస్తుంది. దాన్ని నొక్కితే పాతది పోతుంది. అప్పుడు మళ్ళీ కలపాలి."

"కొట్టండి," అన్నాను నేను.

"దెయ్యం మాట విని నొక్కమంటారా?"

"మనుషుల మాట విని ఏం బావుకున్నారు? కొట్టండి."

కొట్టాడు. 'మరిచిపో' అని వచ్చింది. కళ్ళు మూసుకుని నొక్కాడు. మళ్ళీ కలపబోతే పేరడిగింది. తన రోల్ నంబరు కొట్టాడు.

"నంబరొక్కటీ చాలదు," అంది గోడ. "వెనకాల యూనివర్సిటీ పేరు కూడా ఉండాలి. ఈమెయిల్లో రాసినట్టు మొత్తం."

"ఇంటిపేరు లేకుండా ఎవరు మాత్రం గుర్తుపడతారు," అంటూ మొత్తం కొట్టాడు. కొత్త పాస్‌వర్డ్ కొట్టాడు. ఏదో సర్టిఫికెట్ చూపించి, 'నమ్ముతారా?' అని అడిగింది ల్యాప్‌టాప్.

ఆయన వేలు గాల్లో ఆగింది.

"నమ్ము," అంది గోడ.

నొక్కాడు. చక్రం తిరిగింది... తిరిగింది... ఆగింది. కలిసింది.

వ్యాసం వెళ్ళింది. ఆకుపచ్చ టిక్కు పడింది. గడియారం చూస్తే, ఇంకో కామా దిద్దుకునే వ్యవధి కూడా మిగల్లేదు. ఆయన ఆ టిక్కుని వేలితో తడిమి చూశాడు, తూకం రాయి మీద ముద్ర సరిగ్గా పడిందా లేదా అన్నట్టు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను అటు తిరిగాను.

తర్వాత నా బుర్ర పనిచేసింది. పనిచేస్తే నా బుర్రని ఆపడం కష్టం. "దెయ్యం లేదు, గియ్యం లేదు బావగారూ. ఆ జల్లెడ అవతల ఎవడో కంప్యూటర్ మనిషున్నాడు. వాడు ఫోన్లో చెప్పేదాంట్లో గట్టిగా అన్న ఒక్క మాటే ఇన్నాళ్ళూ ఇటు పడుతోంది. పదండి, దణ్ణం పెట్టి వద్దాం."

బిల్డింగు చుట్టూ తిరిగి అవతలి వీధి వైపు వెళితే నిజంగానే ఒక గది. పైన 'హెల్ప్‌డెస్క్' అని బోర్డు. లోపల చెవులకి ఫోను తగిలించుకుని, చల్లారిన టీ ముందు బక్కగా ఒకాయన. నా ఛాతీ రెండింతలైంది. ఫిజిక్స్ వల్ల కానిది లిఫ్టు తేల్చింది.

"బాబూ, మీరు చెప్పినట్టే మరిచిపోయాను," అన్నాడు మా వియ్యంకుడు చేతులు జోడించి. "పని అయిపోయింది."

ఆయన మా వెనక్కి చూశాడు. "మీరేనా? చెప్పమన్న ఆ అమ్మాయి రాలేదా?"

"ఏ అమ్మాయి?"

"రోజూ ఈ వేళకి ఫోన్ చేస్తుంది. వెనక మెట్ల మీద కూర్చున్నా, నెట్‌వర్క్ కలవట్లేదండీ అంటుంది. 'మరిచిపో' నొక్కమ్మా అని రోజూ చెబుతాను. మరిచిపోవడం నాకు రావట్లేదండీ అంటుంది. ఇవాళ మాత్రం తన సంగతి వదిలెయ్యమంది. పక్కన ఒక పెద్దాయనకి టైమైపోతోంది, ఆయనకి వినపడేలా గట్టిగా చెప్పండి అంది."

మా వియ్యంకుడి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

"మెట్ల మీద..." అన్నాడు, "మేమిద్దరమే ఉన్నామండీ."

"అవును, ఇద్దరున్నారనే చెప్పింది. ఒకాయన టైపు చేస్తున్నాడు, ఇంకొకాయన ఆయన చొక్కా పట్టుకుని వణుకుతున్నాడు అంది."

ఆ తర్వాత ఏం జరిగిందో, మేమిద్దరం ఏ వీధిలోంచి ఎలా ఇల్లు చేరామో మీకు అనవసరం. ఆ పిల్ల ఉందంటే ఒప్పుకుంటాను. మంచిదంటే అదీ ఒప్పుకుంటాను. మా వియ్యంకుడి డిగ్రీ ఆవిడ చలవే. వణికానంటే మాత్రం ఒప్పుకోను. చొక్కా పట్టుకున్న మాట నిజమే — అది ఆయన పడిపోతాడేమోనని.