గొలుసుకి అవతలి చెయ్యి

పొలాలు కొలిచి కొలిచి గొలుసాయన కాళ్ళు అరిగిపోయాయి గానీ జమీందార్ల ఆశ అరగలేదు. సరిహద్దు రాళ్ళ లోపలున్న నేలంతా తరతరాలకీ జమీందారుదేనని దొరల ప్రభుత్వం రాసిచ్చింది. రాళ్ళకి బయటున్నవాళ్ళు ఎవరి బతుకు వాళ్ళు బతకొచ్చు. గొలుసాయన అక్క ఇల్లు బయటే ఉంది, రాయికి కూతవేటు దూరంలో. ఆ రోజు ఆఖరి కొలత అటువైపే.

కొలత గొలుసుకి రెండో చెయ్యి బావది. ఒకరోజు బావ ముందు నడిస్తే మర్నాడు తను. గొలుసు బిగిసిన చోట ముందువాడు ఇనప ఊచ గుచ్చి "సరేనా?" అంటాడు. వెనకవాడు "సరే" అంటే ఇక దొర దిగొచ్చినా ఆ కొలత మారదు. ఆఖరి ఊచ దగ్గర రాయి పాతుతారు. వెనకవాడికి ముందువాడి మొహంతో పనిలేదు, గొలుసు బిగిస్తే చాలు.

సాయంత్రానికి పొగమంచు దిగింది. మధ్యాహ్నం మంచినీళ్ళు తాగొస్తానని ఇంటికెళ్ళిన బావ ఇంకా రాలేదని గొలుసాయన విసుక్కుంటుంటే గొలుసు కదిలింది.

"వచ్చావా బావా? త్వరగా కానీ. నాకిక ఓపిక లేదు."

"సరేనా?" గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందేమో.

"సరే."

ఊచ ఏరుకున్నాడు. నడిచాడు. అప్పుడే తవ్విన మట్టి వాసన వేసింది. కాలికి పాత సరిహద్దు రాయి తగిలింది.

"ఆగు బావా. రాయి ఇక్కడే ఉంది."

"ఇంకొంచెం..."

గొలుసాయన అక్కడే ఆగాడు. అది బావ మాట కాదు. పోయినేడు మట్టిలో కలిసిన పాత జమీందారుది. బతికున్నన్నాళ్ళూ ప్రతి కొలత దగ్గరా నిలబడి ఆయన అన్న మాట అదొక్కటే.

గొలుసు వదిలేశాడు. అది ఆగలేదు. గడ్డిలో జరజరా పాకుతూ అక్క ఇంటివైపు పోయింది. వెనకే పరిగెత్తాడు.

ఇంట్లో మంచం మీద బావ మూలుగుతున్నాడు. అక్క తడిగుడ్డ వేస్తోంది.

"మధ్యాహ్నం నుంచీ లేవలేదురా. ఒళ్ళు కాలిపోతోంది," అంటూనే కిందికి చూసి బిగుసుకుపోయింది. గొలుసు గడప దాటి, మంచం కిందుగా, పెరటి గుమ్మంలోంచి వెళ్తోంది.

పెరట్లో ఊచ దిగిన చప్పుడైంది.

"సరేనా?"

గొలుసాయన పళ్ళు బిగించాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరూ మాట్లాడకపోతే ఇల్లు దక్కుతుంది.

"సరేనా..."

బావ కళ్ళు తెరవలేదు. జ్వరం మత్తులో, ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ, అలసటగా అన్నాడు.

"సరే."

గొలుసు వదులైంది.

పొద్దున్నే పెరట్లో సరిహద్దు రాయి కనిపించింది. నిండా నాచు. అక్క బట్టలారేసే తాడు ఒక కొస దానికే కట్టి ఉంది. తాడు రాసుకుని రాసుకుని రాయికి గాడి పడింది.

"ఇది ఇక్కడ ఎప్పుడూ లేదురా," అంది అక్క.

కానీ ముడి మాత్రం ఆమె వేసే ముడే.