ఉయెన్ పుట్టింటికి

ఆ సాయంత్రం హనోయ్‌లో సన్నగా జల్లు పడుతోంది. మంచం మీద సంచీ తెరిచి బట్టలు సర్దుకుంటున్నాను. మర్నాడు పొద్దున రైలు. ఉయెన్ ఊరు హోయ్ ఆన్‌కి నా మొదటి ప్రయాణం.

నిజానికి మేమిద్దరం కలిసి వెళ్లాల్సింది. పెళ్లయినప్పటి నుంచీ ఉయెన్ ఊరించేది. "మా ఊళ్లో కావ్‌లావ్ ఒక్కసారి తిను. ఇక్కడ నువ్వు తినేవి నూడుల్సు కావు, చెప్పుల తాళ్లు!" అని వెక్కిరించేది. నది ఒడ్డున పసుపు గోడల ఇల్లు, వరదొస్తే సామాను ఎక్కించే చెక్క మేడ... అన్నీ ఆమె మాటల్లోనే చూశాను. శరత్పౌర్ణమి పండక్కి వెళ్దాం అనుకున్నాం. ఆలోపే జ్వరం వచ్చింది. మనిషిని తీసుకునే పోయింది.

ఇప్పుడు ఆమె ఫొటో పట్టుకెళ్తున్నాను. పోయిన నూరో రోజున పుట్టింటి పెద్దల పీఠం మీద పెట్టాలి. ఆ సంగతి చెబుదామని అత్తగారికి ఫోన్ చేశాను.

చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక నీళ్ల చప్పుడు... గోడకు తగిలి, వెనక్కి జారి, మళ్లీ తగులుతూ.

"అత్తయ్యా, నేను, లామ్‌ని. ఉయెన్ ఫొటో తీసుకుని రేపు బయల్దేరుతున్నా."

"మెల్లగా మాట్లాడు నాయనా," గుసగుసగా అంది. "రావద్దు."

"వరదా? పోనీ, తగ్గాకే వస్తాను."

"వరద గురించి కాదు. మొన్న నీళ్లు ఇంట్లోకొచ్చిన రాత్రి అదీ వచ్చింది. మేడ మీదుంది."

"ఎవరు?"

"ఉయెన్."

పాపం, బెంగతో మతి చెదిరింది అనుకున్నాను. "అత్తయ్యా... నా చేతుల మీదే కదా..."

"నాకు తెలుసయ్యా. దానికే తెలీదు. పెడితే తింటోంది. జుట్టు దువ్వమంటోంది. ఎంత తుడిచినా ఆ తడి ఆరదు. నువ్వా ఫొటోతో గుమ్మంలో నిలబడ్డావంటే దానికి తెలిసిపోతుంది. నా బిడ్డ నాకు రెండోసారి పోతుంది నాయనా..."

చెక్క మెట్లు కిర్రుమన్నాయి. ఒకటి... ఇంకొకటి... ఆగాయి.

"ఎవరమ్మా ఫోన్లో?"

ఉయెన్ గొంతే. జ్వరానికి ముందున్న గొంతు.

పిలవాలని నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. కానీ వింటే? వింటే తెలిసిపోతే? అరచేత్తో నోరు నొక్కుకున్నాను. కన్నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి.

"ఎవరో... రాంగ్ నంబర్," అంది అత్తయ్య.

"అయితే పెట్టెయ్. అన్నం చల్లారిపోతోంది." తర్వాత, మేడ వైపు తిరిగి కాబోలు, "లామ్! నువ్వూ రా," అంది.



మేడ మీద కుర్చీ జరిగింది. ఒక మగగొంతు నవ్వుతూ, "వస్తున్నానే," అంది.

అది నా గొంతు.

అత్తయ్య ఫోన్‌ని పెదాలకు ఆనించుకున్నట్టుంది... వినీ వినపడకుండా అడిగింది.

"నాయనా... నువ్వు హనోయ్‌లోనే ఉన్నావు కదూ?"